చిన్న సీఎన్‌సీ మిల్లింగ్ మెషీన్‌కు సర్వో స్పిండిల్ మోటార్: విశాఖలో తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంటి వెనక షెడ్డులోనో, కింది పోర్షన్‌లోనో చిన్న సీఎన్‌సీ (కంప్యూటరు నడిపే) మిల్లింగ్ మెషీన్ పెట్టుకుని సొంతంగా పార్టులు చేసుకునేవాళ్లు విశాఖలో ఉన్నారు. ఇంజనీరింగ్ చదివే పిల్లలు, స్టీల్‌ప్లాంట్‌లోనో షిప్‌యార్డులోనో పనిచేసి రిటైరైనవాళ్లు, డ్రోన్లకూ బైకులకూ పార్టులు చేసే కుర్రాళ్లు. మెషీన్ చేతికి అలవాటు పడ్డాక వీళ్లలో చాలామంది ఆలోచన కట్టర్‌ను తిప్పే స్పిండిల్ మీదికి వెళుతుంది. సర్వో పెట్టాలా వద్దా, పెడితే ఏమొస్తుంది, ఎక్కడ చేయి కాలుతుంది అన్నవాటికి జవాబులు కింద ఉన్నాయి. ఎక్కువమందికి సరిపోయేది 750 వాట్ల ఏసీ సర్వో కాబట్టి లెక్కలన్నీ దాని మీదే చూపించాను.

సర్వో స్పిండిల్ అంటే అసలేమిటి? ఇప్పుడున్న మోటార్‌తో తేడా ఎక్కడ?

చిన్న మిల్లింగ్ మెషీన్లకు ఎక్కువగా బ్రష్‌లున్న డీసీ మోటార్ వస్తుంది. రౌటర్ తరహా మెషీన్లకైతే వీఎఫ్‌డీతో (స్పీడు మార్చే ఎలక్ట్రానిక్ పెట్టె) నడిచే 24,000 ఆర్‌పీఎమ్ (నిమిషానికి చుట్లు) స్పిండిల్ ఉంటుంది. ఇంత స్పీడులో తిరగమని చెబితే ఇవి ఇంచుమించు ఆ స్పీడులో తిరుగుతాయి. కట్టర్ లోహంలోకి దిగగానే స్పీడు కొంత పడిపోతుంది. ఎంత పడిపోయిందో చాలా మెషీన్లలో కంట్రోలర్‌కు తెలియదు.

ఏసీ సర్వో మోటార్ వెనక ఎన్‌కోడర్ ఉంటుంది. షాఫ్టు ఏ కోణంలో ఉందో డ్రైవ్‌కు (మోటార్‌ను నడిపే ఎలక్ట్రానిక్ బాక్సు) క్షణక్షణం తెలుస్తూనే ఉంటుంది. లోడు పడి స్పీడు తగ్గబోతే వెంటనే కరెంటు పెంచి నిలబెడుతుంది. సున్నా నుంచి రేటెడ్ స్పీడు దాకా పూర్తి టార్క్ ఇస్తుంది. కొద్ది సెకన్లపాటు రేటెడ్ టార్క్‌కు దాదాపు మూడు రెట్లు కూడా లాగుతుంది. 750 వాట్లు, 3,000 ఆర్‌పీఎమ్ మోటార్‌కు రేటెడ్ టార్క్ 2.39 న్యూటన్ మీటర్లు, పీక్ 7 దాటుతుంది.

అంటే నా మెషీన్ పవర్ పెరుగుతుందన్నమాటేగా?

ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు, అందుకే కాస్త వివరంగా చెబుతాను. మన మెషీన్లకు కొరతగా ఉన్నది పవర్ కాదు, తక్కువ స్పీడులో టార్క్.

ఒక లెక్క చూద్దాం. 10 మిల్లీమీటర్ల హెచ్‌ఎస్‌ఎస్ (హైస్పీడ్ స్టీల్) ఎండ్‌మిల్‌తో ఎమ్మెస్ (మైల్డ్ స్టీల్) ప్లేటు కొడుతున్నారు. కటింగ్ స్పీడు నిమిషానికి 28 మీటర్లు అనుకుంటే స్పిండిల్ సుమారు 900 ఆర్‌పీఎమ్‌లో తిరగాలి. లోతు 2 మిల్లీమీటర్లు, వెడల్పు 5, ఫీడ్ నిమిషానికి 150. నిమిషానికి పోయే లోహం 1.5 ఘన సెంటీమీటర్లు. ఎమ్మెస్‌లో ఒక ఘన మిల్లీమీటరు తీయడానికి సుమారు 3 జౌళ్లు పడుతుంది కాబట్టి కట్టర్ దగ్గర కావాల్సిన పవర్ 75 వాట్లే. టేబుల్ ఫ్యాన్‌కు పట్టేంత కరెంటు. కానీ 900 ఆర్‌పీఎమ్ దగ్గర ఆ 75 వాట్లు రావాలంటే 0.8 న్యూటన్ మీటర్ల టార్క్ కావాలి.

ఇప్పుడు 1.5 కిలోవాట్ల 24,000 ఆర్‌పీఎమ్ స్పిండిల్‌ను చూడండి. పేరుకు 1,500 వాట్లు, టార్క్ మాత్రం 0.6 న్యూటన్ మీటర్లు. పైగా వీటిని 6,000 లేదా 8,000 ఆర్‌పీఎమ్ కంటే కిందికి దించవద్దని తయారీదారులే చెబుతారు. 750 వాట్ల సర్వో ఇదే పనిని రేటెడ్ టార్క్‌లో మూడో వంతుతో చేసేస్తుంది.

అదే 50 మిల్లీమీటర్ల ఫేస్‌మిల్ పెట్టి, 1 మిల్లీమీటరు లోతు, 35 వెడల్పు, 200 ఫీడ్‌తో స్టీలు కొట్టాలంటే సుమారు 350 వాట్లు కావాలి. 700 ఆర్‌పీఎమ్ దగ్గర అది 4.8 న్యూటన్ మీటర్లు అవుతుంది. నేరుగా కలిపిన 750 వాట్ల సర్వో ఇంత టార్క్‌ను ఎక్కువసేపు ఇవ్వలేదు. 2:1 రిడక్షన్ (మోటార్ రెండు చుట్లకు స్పిండిల్ ఒక చుట్టు) పెడితే సరిగ్గా సరిపోతుంది. మోటార్ కొనేముందు మీరు మామూలుగా చేసే మూడు నాలుగు జాబ్‌లకు ఇలా లెక్క వేసుకోండి. దుకాణంలో ఎవరూ వేసివ్వని లెక్క ఇది, వేసుకుంటే సగం సందేహాలు అక్కడే పోతాయి.

సర్వో ఎవరికి అవసరం లేదు?

3018 తరహా (పని జాగా సుమారు 30 × 18 సెంటీమీటర్లు) చిన్న మెషీన్ ఉన్నవాళ్లకు అవసరం లేదు. 750 వాట్ల సర్వో ఒక్కటే సుమారు 3 కిలోల బరువు. ఆ జెడ్ యాక్సిస్ (స్పిండిల్‌ను పైకీ కిందికీ నడిపే భాగం) దాన్ని మోయలేదు, ఫ్రేము ఆ టార్క్‌ను తట్టుకోలేదు.

చెక్కపని, పీసీబీలు, అక్రిలిక్ చేసేవాళ్లకూ వద్దు. ఏటికొప్పాక బొమ్మలకు వాడే అంకుడు కర్ర లాంటి మెత్తని చెక్కను 6 మిల్లీమీటర్ల కట్టర్‌తో చేయాలంటే 15,000 నుంచి 18,000 ఆర్‌పీఎమ్ ఉంటేనే పని నునుపుగా వస్తుంది. ఆ స్పీడు సర్వోకు చేతకాదు. అక్కడ హైస్పీడ్ స్పిండిలే సరైనది. అల్యూమినియంలో చిన్న కార్బైడ్ కట్టర్లు మాత్రమే వాడేవాళ్లు కూడా రెండుసార్లు ఆలోచించుకోవాలి. 6 మిల్లీమీటర్ల కార్బైడ్‌కు 8,000 పైనే కావాలి మరి.

స్టీలు కొట్టేవాళ్లు, పెద్ద డ్రిల్లులు వేసేవాళ్లు, మెషీన్ మీదే ట్యాపింగ్ (రంధ్రం లోపల మర కోయడం) చేయాలనుకునేవాళ్లు, వీళ్లకు సర్వో నిజంగా పనికొస్తుంది.

నా మెషీన్ స్పిండిల్ సర్వోను తట్టుకుంటుందా?

మోటార్ ధర చూసే ముందు బేరింగులు చూడాలి. గాజువాక ఆటోనగర్‌లో పాత టర్నర్ల దగ్గరికి ఏ మెషీన్ తీసుకెళ్లినా ముందు స్పిండిల్‌ను చేత్తో తిప్పి, తర్వాత పైకీ కిందికీ, పక్కలకూ లాగి చూస్తారు. మీరూ అదే చేయండి. టేపర్ లోపల డయల్ గేజ్ ముల్లు ఆనించి నెమ్మదిగా తిప్పండి. ముల్లు 0.01 మిల్లీమీటరు లోపల ఊగితే మంచిది. 0.03 దాటితే సర్వో డబ్బు ముందు బేరింగుల మీద పెట్టండి.

బెంచ్ మిల్లింగ్ మెషీన్లలో చాలావాటికి టేపర్ రోలర్ బేరింగులో, మామూలు డీప్ గ్రూవ్ బేరింగులో ఉంటాయి. అవి 2,500 ఆర్‌పీఎమ్ లోపు వాడకానికి పెట్టినవి. సర్వోతో 5,000 దాకా పోవాలంటే యాంగ్యులర్ కాంటాక్ట్ బేరింగుల జత వేసుకోవాలి. గ్రీజు ఎక్కువ కూరితే వేడెక్కుతుంది. బేరింగు లోపలి ఖాళీలో పావు నుంచి మూడో వంతు దాకా చాలు.

కొత్త బేరింగులతో మొదటి రోజే ఫుల్ స్పీడు వద్దు. 500 ఆర్‌పీఎమ్‌లో పావుగంట, తర్వాత 1,000, 2,000 అని పెంచుతూ ప్రతిసారీ హౌసింగ్ మీద చేయి పెట్టి చూడండి. చేయి ఆనించలేనంత వేడిగా ఉంటే ఆపి, చల్లారాక ప్రీలోడ్ (బేరింగుల బిగింపు) కొంచెం వదులు చేయాలి. ఈ పనికి ఒక ఆదివారం మొత్తం పోయినా ఫర్వాలేదు.

ప్లాస్టిక్ గేర్లున్న చిన్న మెషీన్ అయితే ఆ గేర్లను తీసేసి బెల్ట్ పెట్టాల్సిందే. సర్వో పీక్ టార్క్‌కు వాటి పళ్లు ఊడిపోతాయి.

డైరెక్ట్‌గా కలపాలా, బెల్ట్ పెట్టాలా?

బెల్ట్ పెట్టండి. డైరెక్ట్ కప్లింగ్‌లో మోటార్ స్పిండిల్ నెత్తిన కూర్చుంటుంది. డ్రాబార్‌కు (కట్టర్ హోల్డర్‌ను పైనుంచి బిగించే కడ్డీ) దారి ఉండదు, రేషియో మార్చుకునే వీలూ ఉండదు.

బెల్ట్‌లో రెండు రకాలున్నాయి. పళ్లున్న టైమింగ్ బెల్ట్ జారదు, మోటార్ ఎంత తిరిగితే స్పిండిల్ అంత తిరుగుతుంది. స్పీడు పెరిగేకొద్దీ ఈల వేసినట్టు శబ్దం చేస్తుంది. అపార్ట్‌మెంట్లో రాత్రి పది తర్వాత నడిపితే పక్కింటివాళ్లు తలుపు కొట్టడం ఖాయం. పొడవునా గాడులున్న పాలీ-వీ బెల్ట్ నిశ్శబ్దంగా ఉంటుంది, కానీ లోడులో కాస్త జారుతుంది. మామూలు మిల్లింగ్‌కు ఆ జారుడు లెక్కలోది కాదు. ట్యాపింగ్ చేయాలంటే మాత్రం టైమింగ్ బెల్టే పెట్టాలి, లేదా స్పిండిల్ మీదే విడిగా ఎన్‌కోడర్ బిగించాలి.

రేషియో విషయంలో అందరికీ ఒకే జవాబు లేదు. 1:1 అయితే 3,000 ఆర్‌పీఎమ్, 2.39 న్యూటన్ మీటర్లు. స్పిండిల్‌ను రెట్టింపు వేగంతో తిప్పితే 6,000, టార్క్ సగం. స్టీలు, అల్యూమినియం రెండూ చేసేవాళ్లు రెండు జతల పుల్లీలు చేయించుకుని బెల్ట్ మార్చుకుంటే బాగుంటుంది. మెషీన్ ఎప్పుడూ ఒకే రేషియోలో ఉండాలనే నియమమేమీ లేదు.

పుల్లీలు, మోటార్ ప్లేటు ఎక్కడ చేయించాలి? కొలతలు ఏమిటి?

ఆటోనగర్‌లో లేత్, మిల్లింగ్ పని చేసే షాపుల్లో ఎక్కడైనా చేస్తారు. డ్రాయింగ్ కాగితం మీద కొలతలతో సహా తీసుకెళ్లండి, నోటితో చెప్పి వదిలేయొద్దు. 80 మిల్లీమీటర్ల ఫ్రేము మోటార్లలో చాలావాటికి ముందున్న గుండ్రటి అంచు 70 మిల్లీమీటర్లు, నాలుగు బోల్టుల పీసీడీ (బోల్టుల కేంద్రాల గుండా పోయే వృత్తం వ్యాసం) 90, షాఫ్టు 19, కీ 6. అయినా మోటార్ చేతికొచ్చి వెర్నియర్‌తో కొలిచాకే ప్లేటు కోయించండి. ప్లేటు 12 మిల్లీమీటర్ల అల్యూమినియం అయితే గట్టిగా ఉంటుంది. మెషీన్ వైపు రంధ్రాలు గుండ్రంగా కాకుండా పొడవాటి స్లాట్లుగా పెట్టించండి, బెల్ట్ బిగించుకోవడానికి అవే ఆధారం.

పుల్లీని సుత్తితో కొట్టి షాఫ్టు ఎక్కించవద్దు. అవతలి చివర ఎన్‌కోడర్ ఉంది, ఒక్క దెబ్బకు అది పోవచ్చు. షాపువాళ్లకు అలవాటు కొద్దీ చేయి సుత్తి మీదికి పోతుంది, ముందే చెప్పండి. చాలా మోటార్ల షాఫ్టు చివర మరరంధ్రం ఉంటుంది. అందులో పొడుగు బోల్టు, వాషర్ పెట్టి తిప్పుతూ పోతే పుల్లీ దానంతటదే లోపలికి నెట్టుకుంటుంది. టేపర్ లాక్ బుష్ ఉన్న పుల్లీ అయితే ఈ తంటా కూడా లేదు.

బెల్ట్‌ను తీగలా బిగించొద్దు. షాఫ్టు పక్కకు తట్టుకోగల బరువు ఎంతో మాన్యువల్‌లో రాసి ఉంటుంది. ఈ సైజు మోటార్లకు అది సుమారు 250 న్యూటన్ల దగ్గర, అంటే పాతిక కిలోల లాగుడు.

కుట్టుమిషన్ సర్వో మోటార్ చవకగా దొరుకుతోంది. అది పనికొస్తుందా?

కొంతవరకు పనికొస్తుంది. గార్మెంట్ ఫ్యాక్టరీల మిషన్లకు చేసిన మోటార్లు ఇవి. అచ్యుతాపురం వైపు బట్టల యూనిట్లు ఉన్నాయి కాబట్టి మన దగ్గర చాలామంది వీటిని చూసే ఉంటారు. 550, 750 వాట్లలో దొరుకుతాయి, పాత క్లచ్ మోటార్ కంటే నిశ్శబ్దంగా ఉంటాయి. తక్కువ స్పీడులోనూ బలంగా తిప్పుతాయి. చేత్తో నడిపే డ్రిల్లింగ్ మెషీన్‌కో, చిన్న లేత్‌కో మంచి బేరం.

సీఎన్‌సీకి వచ్చేసరికి ఇబ్బంది మొదలవుతుంది. వీటిని నడిపేది కాలి పెడల్, నాబ్. కంట్రోలర్ నుంచి 0 నుంచి 10 వోల్టుల సిగ్నల్‌ను నేరుగా తీసుకోవు. పెడల్ స్థానంలో సర్క్యూట్ కట్టి నడిపేవాళ్లు ఉన్నారు. అలా నడిపినా షాఫ్టు కోణం కంట్రోలర్‌కు అందదు, అలారం వైరూ రాదు. ట్యాపింగ్ మీద ఆశ లేకపోతే, స్పీడు చేత్తో పెట్టుకోవడం మీకు ఫర్వాలేదనిపిస్తే తీసుకోండి.

కంట్రోలర్‌కు ఎలా కలపాలి? అనలాగా, పల్సా?

స్పిండిల్‌గా వాడేటప్పుడు డ్రైవ్‌ను స్పీడు మోడ్‌లో పెట్టి, 0 నుంచి 10 వోల్టుల అనలాగ్ సిగ్నల్ ఇవ్వడం తేలిక పద్ధతి. ప్రోగ్రామ్‌లో ఎస్1000 (స్పీడు 1,000) అన్నప్పుడు నిజంగా 1,000 తిరుగుతోందో లేదో డ్రైవ్ డిస్‌ప్లేలోనే కనిపిస్తుంది, తేడా ఉంటే స్కేల్ పారామీటర్ సరిచేసుకోవచ్చు.

పల్స్, డైరెక్షన్ పద్ధతిలో (ఒక్కో పల్సుకు మోటార్ కొంచెం చొప్పున తిరుగుతుంది) స్పీడు మరింత కచ్చితంగా వస్తుంది. అయితే పల్సుల లెక్క చూసుకోండి. రౌండుకు 10,000 పల్సులు పెట్టి 3,000 ఆర్‌పీఎమ్ కావాలంటే సెకనుకు 5 లక్షల పల్సులు పంపాలి. పాత కంప్యూటర్ పారలల్ పోర్టుకు అది అయ్యే పని కాదు. డ్రైవ్‌లో ఎలక్ట్రానిక్ గేర్ సెట్టింగ్ మార్చి రౌండుకు 1,000 పల్సులు చేసినా సెకనుకు 50 వేలు పడతాయి. దీనికి విడిగా మోషన్ కార్డు (పల్సులు పంపే బోర్డు) ఉంటేనే నిశ్చింత.

ఏ పద్ధతైనా సరే, రెండు వైర్లు మాత్రం మానొద్దు. ఒకటి డ్రైవ్ అలారం అవుట్‌పుట్. స్పిండిల్ ఏదో కారణంతో ఆగిపోతే కంట్రోలర్‌కు ఆ సంగతి తెలియాలి. తెలియకపోతే ఆగిన కట్టర్‌ను అలాగే జాబ్‌లోకి తోసేస్తుంది. రెండోది స్పీడు అందుకుందని చెప్పే అవుట్‌పుట్. లినక్స్‌సీఎన్‌సీ అనే కంట్రోల్ సాఫ్ట్‌వేర్‌లో దీనికి స్పిండిల్-ఎట్-స్పీడ్ అనే పిన్ ఉంది, స్పీడు అందేదాకా ఫీడ్ మొదలవదు.

రిజిడ్ ట్యాపింగ్ (ట్యాప్‌ను గట్టిగా బిగించి, స్పిండిల్, జెడ్ కలిసి నడుస్తూ మర కోయడం) నిజంగా వస్తుందా?

వస్తుంది. సర్వో పెట్టడానికి నా దృష్టిలో అన్నిటికంటే పెద్ద కారణం ఇదే.

ఎం6 ట్యాప్ పిచ్ 1 మిల్లీమీటరు. స్పిండిల్ 500 ఆర్‌పీఎమ్‌లో తిరిగితే జెడ్ నిమిషానికి 500 మిల్లీమీటర్లు దిగాలి. ఎం8 పిచ్ 1.25 కాబట్టి 400 ఆర్‌పీఎమ్‌కే 500 దిగాలి. ఈ రెండూ కాస్త తప్పినా మర చెడుతుంది, లేదా ట్యాప్ లోపలే విరుగుతుంది. కాబట్టి స్పిండిల్ ఇప్పుడు ఎంత తిరిగిందో చూస్తూ జెడ్ దాని వెంటే నడవాలి. స్పిండిల్ కాస్త నెమ్మదిస్తే జెడ్ కూడా నెమ్మదించాలి.

లినక్స్‌సీఎన్‌సీలో జీ33.1 ఆదేశం ఈ పని చేస్తుంది. డ్రైవ్ నుంచి వచ్చే ఏ, బీ, జెడ్ ఎన్‌కోడర్ వైర్లను మెసా 7ఐ76 లాంటి కార్డుకు కలపాలి. స్పిండిల్ ఎన్‌కోడర్‌కూ అనలాగ్ అవుట్‌పుట్‌కూ అందులో చోటు ఉంది. మాక్3 సాఫ్ట్‌వేర్‌లో మిల్లింగ్ మెషీన్ మీద ఎన్‌కోడర్‌ను ఇలా వెంబడించే ట్యాపింగ్ లేదు. చిన్న బోర్డుల మీద నడిచే గ్రబ్ల్ మూల వెర్షన్‌లోనూ లేదు. వాటితో పనిచేసేవాళ్లు స్ప్రింగులా సాగి ముడుచుకునే ట్యాప్ హోల్డర్ వాడుకోవాలి.

రెండు సంగతులు గుర్తుపెట్టుకోండి. అడుగుకు చేరాక స్పిండిల్ ఒక్కసారిగా వెనక్కి తిరగలేదు. ఆగేలోపు ఇంకొంచెం తిరుగుతుంది, జెడ్ కూడా దాంతోపాటు కిందికి పోతుంది. అందుకే మూసిన రంధ్రాల్లో ట్యాప్ కొనకు కింద రెండు మూడు పిచ్‌ల చోటు వదలాలి. మొదటిసారి జాబ్ లేకుండా గాలిలో నడిపి, ఎంత దూరం అదనంగా పోతోందో చూసుకోండి. రెండోది, మోటార్ రెండు రౌండ్లు తిరిగితే స్పిండిల్ ఒక రౌండు తిరిగే రేషియో పెట్టారనుకోండి. ఎన్‌కోడర్ జెడ్ వైరు మీద మోటార్ రౌండుకు ఒకసారి వచ్చే ఇండెక్స్ పల్స్, స్పిండిల్ ఒక్క రౌండులో రెండుసార్లు వస్తుంది. ట్యాప్‌ను మళ్లీ అదే రంధ్రంలో దించితే పాత మరలోకి కాకుండా అరరౌండు పక్కకు పడే ప్రమాదం ఉంది. ఆ రేషియోలో స్పిండిల్ మీద విడిగా ఇండెక్స్ సెన్సర్ పెట్టుకోవడం మేలు.

ఇంటి కరెంటు సరిపోతుందా? ఆర్‌సీసీబీ పడిపోతోంది, ఏం చేయాలి?

750 వాట్ల డ్రైవ్ సింగిల్ ఫేజ్ మీదే నడుస్తుంది. 6 యాంపుల చిన్న ప్లగ్గులో పెట్టకుండా 16 యాంపుల సాకెట్‌కు, వీలైతే విడి ఎంసీబీతో వేసిన లైనుకు కలపండి. 220 వోల్టుల డ్రైవ్‌లు చాలావరకు 170 నుంచి 255 వోల్టుల దాకా ఓర్చుకుంటాయి. ఎండాకాలం సాయంత్రాలు వీధి మొత్తం ఏసీలు వేశాక మీ ఇంట్లో ఎంత ఉంటోందో మీటరు పెట్టి చూడండి. ఇంటి ఇన్వర్టర్ మీద, ముఖ్యంగా స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద, సర్వో నడపొద్దు.

డ్రైవ్‌లోనూ, దాని ముందు పెట్టే నాయిస్ ఫిల్టర్‌లోనూ కొంత కరెంటు సహజంగానే ఎర్త్‌లోకి పోతుంది. 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకైతే లైను తెంచే స్విచ్) ఒక్కోసారి దానికే పడిపోతుంది. అప్పుడు కొందరు ఎర్త్ వైరు ఊడదీస్తారు, ఇంకొందరు ఆర్‌సీసీబీనే తీసేస్తారు. దయచేసి ఈ రెండూ చేయకండి. మెషీన్ బాడీ మొత్తం ఇనుము, చేతులు కూలెంట్‌తో తడిగా ఉంటాయి. ఎర్త్ లేకపోతే ప్రాణం మీదికి వస్తుంది. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి మెషీన్‌కు విడి సర్క్యూట్ వేయించండి, డ్రైవ్‌లకు తగిన రకం ఆర్‌సీసీబీ పెట్టించండి, ఎర్త్ పిట్ రెసిస్టెన్స్ కొలిపించండి. సముద్రానికి దగ్గరి ఇళ్లలో ఎర్త్ పైపు జాయింటు తుప్పు పట్టి, చూడ్డానికి ఉన్నా పనిచేయకుండా పోవడం మామూలే.

ఉరుములు మెరుపుల రోజుల్లో ప్లగ్ పూర్తిగా తీసేయండి. తుపాను హెచ్చరిక వస్తే కూడా అంతే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చాక కరెంటు ఎన్ని రోజులు లేదో మనందరికీ గుర్తే. కరెంటు తిరిగొచ్చే క్షణంలో వోల్టేజీ ఎగిరిపడి ఎలక్ట్రానిక్స్ పోతుంటాయి.

సముద్రపు గాలికి ఇవి పాడవవా?

పాడవుతాయి, జాగ్రత్త పడకపోతే. డ్రైవ్ ప్యానెల్‌కు పెద్ద ఫ్యాన్ పెట్టి బయటి గాలిని లోపలికి ఊదితే, ఉప్పు తేమను కూడా లోపలికి పంపుతున్నట్టే. ఒక్క డ్రైవ్‌కు విడుదలయ్యే వేడి తక్కువే కాబట్టి కాస్త పెద్ద సైజు ఇనుప బాక్సు తీసుకుని మూసి ఉంచండి. లోపల సిలికా జెల్ పొట్లం పెట్టి, దాని రంగు మారినప్పుడు మార్చండి. ఫ్యాన్ తప్పదనుకుంటే ఫిల్టరు పెట్టి నెలకోసారి కడగండి. కనెక్టర్ పిన్నులు ఆకుపచ్చగా మారుతున్నాయేమో చూస్తుండండి. అర్థం కాని ఎన్‌కోడర్ అలారాల్లో చాలావాటికి కారణం అదే.

మోటార్ బాడీ నీటిని తట్టుకున్నా, షాఫ్టు బయటికొచ్చే చోటు అంత గట్టిది కాదు. కూలెంట్ చిమ్మేచోట ఒక రేకు కవర్ అడ్డం పెట్టండి.

స్పిండిల్ ఆన్ చేయగానే మిగతా యాక్సిస్‌లు స్థానం తప్పుతున్నాయి. ఎందుకు?

నాయిస్, అంటే పవర్ వైర్ల నుంచి సిగ్నల్ వైర్లలోకి దూరే విద్యుత్ అలజడి. డ్రైవ్ నుంచి మోటార్‌కు పోయే పవర్ కేబుల్, స్టెప్పర్ల సిగ్నల్ వైర్లు ఒకే గొట్టంలో పోతున్నాయేమో చూడండి. విడదీసి, దాటాల్సిన చోట అడ్డంగా దాటించండి. మోటార్ కేబుల్ షీల్డ్‌ను డ్రైవ్ దగ్గర బాడీకి గట్టిగా బిగించండి. ఎర్త్‌లన్నీ ఒకే కడ్డీ మీదికి తెచ్చి కలపండి. లిమిట్ స్విచ్ వైర్లు కూడా షీల్డ్ ఉన్నవే వాడండి.

ఆపేటప్పుడు ఓవర్‌వోల్టేజీ అలారం వస్తోంది. మోటార్ పోయిందా?

పోలేదు. పెద్ద ఫేస్‌మిల్ వేగంగా తిరుగుతుండగా ఒక్కసారిగా ఆపమంటే మోటార్ జనరేటరులా మారి కరెంటును డ్రైవ్‌లోకి తిప్పి పంపుతుంది. మామూలుగా 325 వోల్టుల దగ్గర ఉండే డీసీ బస్ వోల్టేజీ అప్పుడు హద్దు దాటుతుంది. ఆగే సమయాన్ని ఒక సెకను, సెకనున్నర చేయండి. అంత సమయం ఇవ్వడం కుదరకపోతే మాన్యువల్ చెప్పిన విలువ గల బ్రేక్ రెసిస్టర్ (తిరిగొచ్చే కరెంటును వేడిగా మార్చేది) కొని పెట్టండి.

ఆగి ఉన్నప్పుడు మోటార్ గుయ్యిమని మోగుతోంది.

గెయిన్ (స్పీడు తేడాను డ్రైవ్ ఎంత గట్టిగా సరిచేయాలో చెప్పే సెట్టింగ్) ఎక్కువైంది. ఆటో ట్యూనింగ్‌ను బెల్ట్, పుల్లీలు, మామూలుగా వాడే కోలెట్ హోల్డర్ (కట్టర్‌ను పట్టుకునే భాగం) అన్నీ పెట్టాకే నడపాలి. విడి మోటార్ మీద చేసిన ట్యూనింగ్ ఎందుకూ పనికిరాదు. తర్వాత కూడా మోగుతుంటే స్పీడు గెయిన్‌ను కొద్దికొద్దిగా తగ్గించండి. స్పిండిల్‌కు విపరీతమైన చురుకుదనం అక్కర్లేదు.

కట్టర్ మార్చేటప్పుడు ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?

పాత మోటార్‌ను ఆపితే ఆగినట్టే. సర్వో అలా కాదు. సున్నా స్పీడులో ఉన్నా డ్రైవ్ దాన్ని పట్టుకుని ఉంచుతుంది. మీరు స్పానర్ వేసి కోలెట్ నట్ తిప్పితే అది ఎదురు తిప్పుతుంది. పొజిషన్ మోడ్‌లో ఇది మరీ ప్రమాదం, స్పానర్ వేళ్ల మీదికి విసురుగా తిరుగుతుంది. కట్టర్ మార్చే ముందు సర్వో-ఆన్ సిగ్నల్ తీసేసే స్విచ్‌ను ప్యానెల్ మీద చేతికందేలా పెట్టండి, దానికి ఎర్ర దీపం కూడా పెట్టండి. పిల్లలు వచ్చిపోయే ఇల్లయితే తాళం చెవి ఉన్న స్విచ్ మంచిది.

ఎమర్జెన్సీ స్టాప్ నొక్కితే సర్వో-ఆన్ పోవాలి, కాంటాక్టర్ ద్వారా మెయిన్ పవర్ కూడా తెగాలి. ఒక్క సాఫ్ట్‌వేర్ స్టాప్‌ను నమ్ముకోవద్దు. పవర్ తీశాక కూడా డ్రైవ్ కెపాసిటర్లలో వందల వోల్టులు నిలిచి ఉంటాయి. చార్జి దీపం ఆరి, పది నిమిషాలు గడిచి, మీటరు సున్నా చూపించాకే టెర్మినళ్లు ముట్టుకోండి.

సెకండ్ హ్యాండ్ సర్వో కొనొచ్చా?

మోటార్, డ్రైవ్, రెండు కేబుళ్లు ఒకే సెట్టుగా, ఒకే కంపెనీవి దొరికితే కొనండి. విడి మోటార్ ఎంత చవకగా వచ్చినా వద్దు. ఎన్‌కోడర్ భాష కంపెనీకో రకంగా ఉంటుంది, ఒకరి మోటార్‌ను మరొకరి డ్రైవ్ గుర్తించదు. కేబుళ్లు లేని సెట్టు కొని, కనెక్టర్ల కోసం వారాల తరబడి తిరిగేవాళ్లు ఉన్నారు. కొనేచోటే డ్రైవ్ ఆన్ చేయించి, జాగ్ మోడ్‌లో రెండు వైపులా తిప్పించి చూడండి. అలారం చరిత్ర చూపించమనండి, చాలా డ్రైవ్‌లలో అది దాచి ఉంటుంది. షాఫ్టును చేత్తో తిప్పితే గరగరలాడకూడదు. వెనక మూత స్క్రూలు గీతలు పడి ఉంటే ఎవరో ఎన్‌కోడర్ విప్పారని అర్థం. దాన్ని తిరిగి సరైన కోణంలో కూర్చోబెట్టకపోతే మోటార్ సరిగ్గా తిరగదు, అలాంటిది వదిలేయండి.

పాత మోటార్, దాని బోర్డు అమ్మేయొచ్చా?

కొన్ని నెలలు ఆగండి. సర్వో బేరింగుకో డ్రైవ్‌కో ఏదైనా అయితే విడిభాగం వచ్చేదాకా పాతది బిగించి పని నడుపుకోవచ్చు. అందుకే పాత మోటార్ ప్లేటు రంధ్రాలను పాడుచేయకుండా కొత్త ప్లేటును వాటికే బిగించేలా గీయించుకోండి. అంతా కుదిరాక ఆ డీసీ మోటార్‌తో బెల్ట్ గ్రైండర్ చేసుకోవచ్చు. స్పీడు కంట్రోల్ ఉన్న గ్రైండర్ షెడ్డులో ఎప్పుడూ అక్కరకొస్తుంది.